ఎండిన ఆ ఒక్క ట్రే కోసం బెంచీ అంతా తడిపేస్తున్నాం: నర్సరీలు నడిపే వాళ్లకి ఒక బహిరంగ లేఖ

నర్సరీలు నడిపే అన్నలకి, అక్కలకి, రోజూ షెడ్లు చూసుకునే సూపర్‌వైజర్లకి,

నమస్తే అండి. నేను 11 ఏళ్లుగా నర్సరీల్లో నీళ్లు పెట్టే పనిలో ఉన్నాను. మొదట్లో పైపు పట్టుకుని తిరిగేవాడిని, ఇప్పుడు వాల్వులు, ఫిల్టర్లు, టైమర్లు కూడా నా చేతి కిందే నడుస్తున్నాయి, కాబట్టి ఇది రోజూ తడిసిన కాళ్లతో తిరిగే మనిషి రాస్తున్న లేఖ అని ముందే చెప్తున్నా. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

నీళ్లకి కటకట వచ్చిన ప్రతిసారీ రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి, తక్కువ పొయ్యండి. రెండు, కొత్త సిస్టం పెట్టిద్దాం. తక్కువ పోస్తే నారు వాడుతుంది, వాడితే మళ్లీ మాకే మాట పడుతుంది, కొత్త సిస్టం పెట్టిస్తే కొన్నాళ్లు బాగానే ఉంటుంది, తర్వాత మళ్లీ పాత కథే. ఎందుకంటే నీళ్లు ఎక్కడ పోతున్నాయో ఎవరూ కాసేపు నిలబడి చూడలేదు. నేను చూశాను. నాకు తెలిసింది ఏంటంటే, ఒక బెంచీ మీద ఉన్న ట్రేలన్నీ ఒకేలా తడవవు, ఒకేలా ఎండవు, వాటిలో అన్నిటికంటే ముందు ఎండిపోయే ట్రే ఏదైతే ఉందో అదే మిగతా అన్నిటికీ ఎన్ని నీళ్లు పోయాలో తేల్చేస్తోంది. మన దండగంతా అక్కడ మొదలవుతోంది.

ఒకసారి ఊహించుకోండి. బెంచీ మీద 100 ప్రోట్రేలు, అంటే నారు పెంచే చిన్న చిన్న గదుల ప్లాస్టిక్ ట్రేలు, ఉన్నాయి, మధ్యాహ్నం పన్నెండింటికి బెంచీ చివరన గాలి తగిలే వైపు ఆరేడు ట్రేల్లో నారు తల వేలాడేసింది. సూపర్‌వైజర్ గారు దూరం నుంచి చూసి "ఏంటయ్యా ఎండబెట్టేశావు" అంటారు. నేనేం చేస్తాను, పైపు తీసుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా మొత్తం తడిపేస్తాను. ఎండింది ఏడు, తడిసింది నూరు. ఆ మిగతా 93 ట్రేల్లో పొద్దున పోసిన తడి ఇంకా అలాగే ఉంది, ఇప్పుడు పోసింది అడుగు రంధ్రాల్లోంచి నేరుగా నేల మీదకే కారిపోతుంది, పోతూ పోతూ మనం వేసిన ఎరువు కూడా కడిగి పట్టుకుపోతుంది. ఇది ఒక్కరోజు ముచ్చట కాదు, రోజుకి రెండుసార్లు, సీజన్ మొత్తం.

చివరి ట్రేలు ఎందుకు ముందు ఎండుతాయంటే వాటికి పక్కన అడ్డు లేదు కాబట్టి. మధ్యలో ఉన్న ట్రేకి నాలుగు పక్కలా వేరే ట్రేలు ఉంటాయి, ఆకులన్నీ కలిసి కింద కొంచెం చెమ్మ నిలబెడతాయి. చివరి ట్రేకి ఒక పక్క మొత్తం ఖాళీ, ఎండ పక్క నుంచి తగులుతుంది, గాలి తగులుతుంది, నల్ల ప్లాస్టిక్ వేడెక్కి చివరి వరస గదుల్లో వేర్లు ఉడికిపోతాయి. దీనికి మందు చాలా తేలిక. బెంచీ చుట్టూ ఒక అడ్డం కట్టండి, షేడ్‌నెట్ ముక్కైనా సరే చెక్క పలకైనా సరే, ట్రే ఎత్తు కంటే కొంచెం పైకి ఉంటే చాలు. గాలి వచ్చే దిక్కున నెట్ కిందికి దించండి. ఇంకా చివర్లు ఎండుతూనే ఉంటే చివర్లకి మాత్రమే మధ్యలో ఒకసారి చేత్తో నీళ్లు పెట్టమనండి, క్యాన్‌తో. చివరి వరస వరకే పట్టమంటే పది నిమిషాల్లో అయిపోయే పని అది, దానికోసం మోటరు వేయాల్సిన అవసరమే లేదు.

చివర్లు ఒక్కటే కాదు. ట్రే నింపడంలోనే సగం తేడా వచ్చేస్తుంది, దీని గురించి మాట్లాడేవాళ్లని నేను చాలా తక్కువ మందిని చూశాను. నలుగురు కూర్చుని కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నింపుతుంటే ఒకరు గట్టిగా నొక్కుతారు, ఒకరు పైపైన చల్లి చేత్తో రాసేస్తారు, ఒకరు పొడి పొడిగా ఉన్నదే నింపేస్తారు. నొక్కిన దాంట్లో గాలి ఉండదు, నీళ్లు పైన నిలబడి పక్కకి జారతాయి, వదులుగా నింపింది మొదటి తడికే కిందికి కుంగిపోయి సగం గది ఖాళీ అవుతుంది, మట్టి తక్కువ కాబట్టి అది ముందు ఎండుతుంది. ఇక పొడిగా నింపింది అయితే నీళ్లు లోపలికి తీసుకోదు, గది గోడల పక్క నుంచి కిందికి దిగిపోతాయి, పైన చూస్తే తడిగా కనిపిస్తుంది, వేలు పెట్టి చూస్తే లోపల పొడి. పీట్‌మాస్ (కుళ్లిన నాచు పొడి) వాడేవాళ్లకి ఈ బాధ ఇంకా ఎక్కువ, అది ఒకసారి పూర్తిగా ఎండితే మళ్లీ తడవడానికి మొరాయిస్తుంది, కోకోపీట్ ఆ విషయంలో కొంచెం నయం. ఏది వాడినా నింపకముందే తడిపి, పిడికిట్లో పట్టి పిండితే రెండు మూడు చుక్కలు రావాలి, ధారగా కారకూడదు, ఆ తడి మీద నింపాలి. నింపడం ఒక్క మనిషి చేతి మీదుగా జరిగితే మంచిది, కుదరకపోతే నింపిన ట్రేలు అక్కడక్కడ తూకం వేసి చూడండి, తేడా వెంటనే పట్టుబడుతుంది.

ఇంకో సంగతి, వయసు తేడా. నిన్న విత్తిన ట్రే, నాలుగు ఆకులు వేసిన ట్రే, రేపు పంపించాల్సిన ట్రే, మూడూ ఒకే బెంచీ మీద ఒకే వాల్వు కింద పెడితే ఎవరికి తగ్గట్టు నీళ్లు పెట్టాలి? ఎవరికి తగ్గట్టు పెట్టినా మిగతా ఇద్దరికి అన్యాయమే. ఖాళీ దొరికిన చోటల్లా ట్రేలు దూర్చేయకుండా వయసు వారీగా, రకం వారీగా, ట్రే గది సైజు వారీగా వేరు వేరు వాల్వుల కింద పెట్టండి. ఇది రూపాయి ఖర్చు లేని పని. ఇది చేయకుండా ఎంత ఖరీదైన టైమర్ పెట్టినా ఉపయోగం లేదని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా, ఎప్పుడు పొయ్యాలి ఎంత పొయ్యాలి అనేది. చాలా చోట్ల పద్ధతి గడియారం. పొద్దున ఏడింటికి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. మబ్బు పట్టినా అంతే, ఎండ మండిపోతున్నా అంతే. దీని బదులు తూకం పెట్టుకోండి. ట్రేకి నిండా నీళ్లు పెట్టి, అడుగు నుంచి కారడం ఆగేదాకా, ఒక గంట అనుకోండి, వదిలేసి తూకం వెయ్యండి. ఉదాహరణకి 2 కిలోలు వచ్చింది అనుకుందాం. అందులో 80 శాతం అంటే 1.6 కిలోలు. లేత నారుకి ట్రే 1.6 కిలోలకి దిగేదాకా నీళ్లు అక్కర్లేదు, అదే నారుని పొలంలో తట్టుకునేలా గట్టిపరిచే చివరి వారంలో అయితే ఇంకా కిందికి, 70 దగ్గరికి రానివ్వొచ్చు. ఈ శాతాలు మీ మట్టి మిశ్రమాన్ని బట్టి, మొక్కని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి, నారు వాడిపోయే ముందు ట్రే బరువు ఎంతో రెండు మూడు రోజులు మీరే గమనించి రాసుకోండి. నారు పెరిగే కొద్దీ దాని బరువు కూడా కలుస్తుంది కాబట్టి వారానికోసారి మళ్లీ నిండు తూకం తీసుకోవాలి. మొదటి పది రోజులు తక్కెడ కావాలి, తర్వాత చెయ్యి చెప్పేస్తుంది, ట్రే ఒక మూల పట్టి కొంచెం ఎత్తితే చాలు, ఇది ఇంకో పూట ఆగుతుంది, ఇది ఆగదు అని.

తూకంలో ఇంకో లాభం ఏంటంటే ఎన్ని నీళ్లు పొయ్యాలో కూడా అదే చెప్తుంది. 2 కిలోల ట్రే 1.6కి దిగింది అంటే పోయింది 400 గ్రాములు, అంటే 400 మిల్లీలీటర్ల నీళ్లు. ఉప్పులు పేరుకోకుండా అడుగు నుంచి కొంచెం కారాలి కాబట్టి ఒక 10 శాతం కలిపి 440 అనుకోండి. 100 ట్రేలకి 44 లీటర్లు. ఇప్పుడు మీ పైపు నిమిషానికి ఎంత పోస్తుందో ఎప్పుడైనా కొలిచారా? 20 లీటర్ల బకెట్ పెట్టి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. నిమిషంలో నిండింది అనుకుంటే ఆ 44 లీటర్లకి రెండు నిమిషాల పన్నెండు సెకన్లు చాలు. ట్రేల మధ్య సందుల్లో, చివర్లలో పడేది కూడా కలుపుకుని మూడు నిమిషాలు అనుకోండి పోనీ. అదే బెంచీ దగ్గర నేను పది నిమిషాలు పైపు పట్టుకుని నిలబడిన రోజులు ఎన్నో ఉన్నాయి. పది నిమిషాలంటే 200 లీటర్లు. ఎవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు, ఆకులు తళతళలాడుతుంటే పని బాగా చేశాననే అనుకున్నా. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసుకున్న రోజు చాలా బాధేసింది నాకు.

ఎక్కువ పోస్తే నీళ్లు ఒక్కటే పోతే అదొక రకం, నారు కూడా పాడవుతుంది. ప్రోట్రే గది చాలా పొట్టిది. పొట్టి గదిలో అడుగున నీళ్లు నిలబడిపోతాయి, రంధ్రం ఉన్నా సరే కిందికి దిగవు. నమ్మకం కలగకపోతే స్పాంజి తీసుకోండి, నీళ్లలో ముంచి అడ్డంగా పడుకోబెట్టి పట్టుకోండి, కారడం ఆగాక అదే స్పాంజిని నిలువుగా తిప్పండి, మళ్లీ నీళ్లు కారతాయి. ఎత్తు పెరిగితేనే నీళ్లు కిందికి దిగుతాయి, ఎత్తు లేని గదిలో అడుగు భాగం ఎప్పుడూ చిత్తడిగానే ఉంటుంది. అక్కడ వేరుకి గాలి అందదు. పైన ఎప్పుడూ తడి ఉంటే పాచి పడుతుంది, చిన్న నల్ల ఈగలు చేరతాయి, ఇక నారుకుళ్లు తెగులు సంగతి మీకు చెప్పక్కర్లేదు, పిథియం, రైజోక్టోనియా లాంటి తెగులు తెచ్చే సూక్ష్మజీవులకి కావాల్సింది ఆ చిత్తడే. అందుకే సాయంత్రం తడి మానేయమని బతిమాలుతున్నా. పొద్దున్నే పెడితే గాలి తక్కువ, ఎండ తక్కువ, పెట్టింది పెట్టినట్టు మట్టిలోకి దిగుతుంది, చీకటి పడేలోపు ఆకులు ఆరిపోతాయి. సాయంత్రం తడిపిన ఆకు రాత్రంతా తడిగానే ఉంటుంది.

మొలక రాకముందు మాత్రం సంగతి వేరు. విత్తనం మీద సన్నగా వర్మిక్యులైట్ (తడి పట్టి ఉంచే తేలికపాటి ఖనిజపు పొడి) గానీ జల్లించిన కోకోపీట్ గానీ చల్లి, ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి పైన ప్లాస్టిక్ షీట్ కప్పితే ఆ తడి చాలావరకు అలాగే నిలుస్తుంది, మొలక తల ఎత్తేదాకా మళ్లీ పెద్దగా నీళ్లే అక్కర్లేదు. తల ఎత్తగానే ఆలస్యం చెయ్యకుండా విప్పి పరవాలి, ఒక్కరోజు ఆలస్యమైనా మొలకలు సన్నగా సాగిపోతాయి. వెలుతురు ఉంటేనే మొలిచే విత్తనాలకి ఈ పద్ధతి పనికిరాదు, వాటికి ఫాగర్‌తో కొన్ని సెకన్లు చొప్పున పొగమంచులా ఇవ్వాలి. మొదటి ఆకులు విప్పుకున్నాక ఇక తడికీ తడికీ మధ్య కొంచెం ఆరనివ్వడం మొదలుపెట్టాలి, అప్పుడే వేరు నీళ్ల కోసం కిందికి వెతుక్కుంటుంది. ఎప్పుడూ తడి అందించే నారుకి పైన పచ్చగా పొడుగ్గా ఉంటుంది, లాగి చూస్తే వేరు ఉండదు. అలాంటి నారు పొలంలో నాటిన మొదటి ఎండకే పడిపోతే తిట్లు తినేది మనమే కదా.

స్ప్రింక్లర్లు ఉన్నవాళ్లకి ఒక పరీక్ష చెప్తాను, ఒక్క పూట పని. ఒకే రకం, ఒకే మూతి సైజు, నిలువు గోడలున్న ప్లాస్టిక్ డబ్బాలు ఒక 20 తీసుకుని బెంచీ అంతటా సమాన దూరంలో పెట్టండి, రోజూ వేసినంతసేపు వాల్వు వెయ్యండి, తర్వాత ఒక్కో డబ్బాలో నీళ్లు ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు ఉన్నాయో కొలిచి రాయండి. అన్నిటి సగటు తియ్యండి. అన్నిటికంటే తక్కువ వచ్చిన అయిదు డబ్బాల సగటు వేరే తియ్యండి. ఉదాహరణకి మొత్తం సగటు 8, తక్కువ వాటి సగటు 5 వస్తే, 8లో 5 అంటే 62.5 శాతం. దాని అర్థం ఏంటంటే ఆ తక్కువ పడే చోట ఉన్న నారుకి కూడా 8 మిల్లీమీటర్లు అందాలంటే మొత్తం బెంచీకి 1.6 రెట్లు నీళ్లు వెయ్యాలి. మళ్లీ అదే మాట, తక్కువ పడ్డ చోటు మొత్తానికి రేటు కడుతోంది. ఇలా డబ్బాలు పెట్టి స్ప్రింక్లర్ సమానంగా కొడుతుందో లేదో లెక్క కట్టే పద్ధతి కొత్తదేం కాదు, క్రిస్టియాన్సన్ అనే ఇంజినీరు 1942లోనే దీనికి సూత్రం ఇచ్చాడు. ఇన్నేళ్లయినా నేను పనిచేసిన షెడ్లలో ఈ పరీక్ష ఎవరూ చేయించినట్టు చూడలేదు. ఇందాక తీసిన ఆ శాతం 80 దాటితే బాగున్నట్టు. తక్కువ వస్తే చాలాసార్లు కారణం చిన్నదే ఉంటుంది, నీళ్లు చిమ్మే మూతి, అదే నాజిల్, దాని రంధ్రం అరిగిపోయి ఉంటుంది, పాడైన నాజిల్ తీసేసి చేతికి దొరికిన వేరే సైజుది పెట్టేసి ఉంటారు, నిలువు పైపు ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, ఒకేసారి ఎక్కువ వాల్వులు తెరిచి ప్రెషర్ పడిపోయి ఉంటుంది. ఒక నర్సరీలో మేము ఒరిగిన పైపులు నిలబెట్టి నాలుగు నాజిళ్లు మార్చినందుకే రోజూ వాల్వు వేసే టైం మూడో వంతు తగ్గించగలిగాం, కొత్తది ఏదీ కొనలేదు.

గుండ్రటి కుండీలు పెంచేవాళ్లకి ఒక చిన్న లెక్క. గుండ్రటి కుండీలు ఒకదానికొకటి ఆనుకునేలా చదరంగా, అడ్డం నిలువు వరసల్లో పెడితే కుండీ మూతులు కప్పే చోటు దాదాపు 78 శాతం, మిగతా 22 శాతం నీళ్లు సందుల్లోనే పడతాయి. అదే పక్క వరసని సగం జరిపి, రెండు కుండీల సందులో మూడో కుండీ కూర్చునేలా పెడితే 90 శాతం దాకా కప్పుతుంది. ఊరికే జరిపి పెట్టినందుకు అంత తేడా. ఇక మొక్క పెరిగిందని కుండీకీ కుండీకీ మధ్య ఒక కుండీ అంత దూరం వదిలారనుకోండి, చదరం వరసల్లో అయితే కుండీల్లో పడేది దాదాపు 20 శాతమే, అయిదు లీటర్లు కొడితే ఒక్క లీటరు. ఆ దశకి వచ్చిన మొక్కలకి పైనుంచి స్ప్రింక్లర్ వాడటం ఇక ఆపేయాల్సిందే, కుండీ కుండీకీ సన్న ట్యూబు, పుల్లకి గుచ్చిన డ్రిప్పర్ పెట్టాలి. కవర్లలో పెంచే మొక్కలకి కూడా అంతే.

డ్రిప్ గురించి ఒక మాట. ప్రోట్రేలకి డ్రిప్ అని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి, అంత చిన్న గదులకి అది కుదిరే పని కాదు. కవర్లకి, కుండీలకి మాత్రం దానికి మించింది లేదు, కానీ ఫిల్టర్ లేకుండా పెట్టకండి. 120 మెష్ ఫిల్టర్, అంటే జల్లెడ కన్నం సుమారు 130 మైక్రాన్లు (మిల్లీమీటరులో 0.13 వంతు) ఉన్నది, వారానికోసారి విప్పి కడగాలి, లైన్ల చివర్లు విప్పి బురద వదలాలి. పొడుగు లైన్లయితే ప్రెషర్ ఎంతున్నా ఒకే చుక్క ఇచ్చే డ్రిప్పర్లు తీసుకోండి, లేకపోతే మొదటి కుండీ మునుగుతుంది చివరి కుండీ ఎండుతుంది, మళ్లీ ఆ చివరి దానికోసం ఎక్కువసేపు వేస్తాం. చూశారా, ఎటు తిరిగినా అక్కడికే వస్తున్నాం.

ఒకేసారి పోసే బదులు విడతలుగా పొయ్యడం కూడా చెయ్యండి. పది నిమిషాలు వెయ్యాల్సిన చోట మూడు, మూడు, నాలుగు నిమిషాలుగా, మధ్యలో అరగంట నుంచి గంట వదిలి. మొదటి విడతకి మట్టి కొంచెం తడిసి నోరు తెరుస్తుంది, తర్వాతది లోపలికి ఇంకుతుంది. నేను చూసినంతలో కవర్ల మొక్కల్లో దీనివల్ల కింద కారేది బాగా తగ్గింది, మొత్తం టైం కూడా తగ్గించగలిగాం.

అడుగు నుంచి నీళ్లు పట్టించే పద్ధతి గురించి చాలామంది అడుగుతారు. లెవెల్ చేసిన బల్ల మీద అంచులు కట్టి, మందం షీట్ పరిచి, రెండు మూడు సెంటీమీటర్లు నీళ్లు నింపి, పది పదిహేను నిమిషాలకి మళ్లీ ట్యాంకులోకి వదిలేస్తారు, మట్టి కింద నుంచి పైకి పీల్చుకుంటుంది. ఇందులో నాకు నచ్చింది ప్రతి కుండీ తనకి ఎంత కావాలో అంతే తీసుకోవడం, ఎండింది ఎక్కువ పీలుస్తుంది, తడిగా ఉన్నది కొంచెమే పీలుస్తుంది, అంటే నేను ఇందాకటి నుంచి మొత్తుకుంటున్న హెచ్చుతగ్గుల గొడవ దానంతట అదే సర్దుకుంటుంది. ఆకు తడవదు, నీళ్లు నేల పాలు కావు. కానీ మూడు జాగ్రత్తలు లేకుండా మొదలుపెట్టకండి. బల్ల లెవెల్ లేకపోతే ఒక మూల మునిగి ఒక మూల ఎండుతుంది. నీళ్లు కింద నుంచి పైకే వెళ్తాయి కాబట్టి ఉప్పులు పైపొరలో పేరుకుంటాయి, ఎరువు మోతాదు పైనుంచి పోసేదాంట్లో సగం దాకా తగ్గించుకోవాలి, నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే ఈసీ మీటర్‌తో చూస్తూ ఎప్పుడైనా ఒకసారి పైనుంచి మంచినీళ్లు పెట్టి కడగాలి. మూడోది, ఒక్క కుండీలో వేరుకుళ్లు ఉన్నా ఆ నీళ్లే అన్నిటికీ తిరుగుతాయి. నీళ్లు పీల్చే గుడ్డ, అదే క్యాపిల్లరీ మ్యాట్, పరిచే పద్ధతికీ ఇవే వర్తిస్తాయి, పైగా ప్రోట్రేలు దాని మీద పెడితే వేర్లు గుడ్డలోకి దిగి అల్లుకుపోతాయి, తీసేటప్పుడు తెగుతాయి. ప్రోట్రే కింద గాలి ఆడితేనే వేరు కొస అక్కడ ఆగి లోపల కొమ్మలు వేస్తుంది. అందుకే మ్యాట్ కుండీలకి మంచిదే గానీ ట్రే నారుకి నేనైతే వద్దంటాను.

కారిపోయిన నీళ్లు పట్టుకుని మళ్లీ వాడటం మంచి ఆలోచనే, కానీ ముందు కారడం తగ్గించండి, ఆ తర్వాతే పట్టుకోవడం. కిందికి వచ్చే నీళ్లలో ఎరువు ఉంటుంది, తెగుళ్ల బీజాలు కూడా ఉంటాయి. వాలు చూసి కాలవ తీసి ఒక తొట్టిలోకి మళ్లించి, ఇసుక ఫిల్టర్ గుండా మెల్లగా దింపితే చాలా వరకు శుభ్రపడతాయి. మెల్లగా అంటే గంటకి 10 నుంచి 30 సెంటీమీటర్లు మాత్రమే దిగాలి, ఒక చదరపు మీటరు ఇసుక తొట్టి గంటకి 10 సెంటీమీటర్ల లెక్కన రోజుకి 2,400 లీటర్లు ఇస్తుంది, చిన్న నర్సరీకి తక్కువేం కాదు. క్లోరిన్ వేసేవాళ్లు చివరి నాజిల్ దగ్గర 2 పీపీఎం, అంటే లీటరుకి 2 మిల్లీగ్రాములు, ఉండేలా చూసుకోవాలి, నీళ్ల పీహెచ్ 7.5 దాటితే క్లోరిన్ బలం బాగా తగ్గిపోతుందని గుర్తుపెట్టుకోండి. ఎంత శుభ్రం చేసినా కొత్తగా విత్తిన ట్రేలకి మాత్రం తిరిగొచ్చిన నీళ్లు వద్దు, పెద్ద మొక్కలకి వాడండి. లేత నారుకి అన్నిటికంటే మంచివి వాన నీళ్లు, ఉప్పు ఉండదు. పాలీహౌస్ కప్పు 100 చదరపు మీటర్లు ఉంటే 10 మిల్లీమీటర్ల వానకి దాదాపు 1,000 లీటర్లు వస్తాయి, మొదటి జల్లు కడుగు నీళ్లు మాత్రం వదిలేయాలి. ఎండలో పడున్న పైపులో మొదట వచ్చే నీళ్లు కాలిపోతూ ఉంటాయి, వాటిని దారిలో పారబోయకుండా బకెట్‌లో పడితే చల్లారాక వాడుకోవచ్చు, ఇదీ మర్చిపోతుంటాం.

ఇవన్నీ చెప్పాక మిమ్మల్ని అడగాల్సిన ముఖ్యమైన మాట ఒకటి మిగిలింది. నేను మొదట్లో చెప్పిన ఆ మధ్యాహ్నం సంగతి మళ్లీ గుర్తు తెచ్చుకోండి. ఆ ఏడు ట్రేల కోసం నూరు ట్రేలు ఎందుకు తడిపాను? నాకు తెలియక కాదు. భయం. వాడిన ట్రే అందరికీ కనిపిస్తుంది, దారిన పోయేవాళ్లు కూడా అడుగుతారు. కిందికి కారిన నీళ్లు, లోపల కుళ్లిన వేరు ఎవరికీ కనిపించవు. వాడితే మాట పడతాం, ఎక్కువ పోస్తే ఎవరూ ఏమీ అనరు. మరి పైపు పట్టుకున్న ఏ మనిషైనా ఏం చేస్తాడు చెప్పండి? నేను పనిచేసిన ఒక చోట మబ్బు పట్టిన రోజు ట్రేలు ఎత్తి చూసి, బరువుగా ఉన్నాయని సాయంత్రం తడి ఆపేశాను. ఖాళీగా కూర్చున్నానని అందరి ముందు మాట పడ్డాను. మర్నాటి నుంచి వాన పడుతున్నా సరే నెట్ కింద పైపు పట్టుకుని నిలబడ్డాను. ఆ షెడ్‌లో ఆ నెల ఎన్ని ట్రేలు నారుకుళ్లుతో పారేశామో నాకింకా గుర్తుంది, ఒక్కటీ నీళ్లు లేక పోయింది కాదు.

కాబట్టి అన్నా, అక్కా, మీ దగ్గర నీళ్లు పెట్టే మనిషికి ఒక తక్కెడ, ఒక నోట్‌బుక్, బెంచీ బెంచీకీ విడిగా తిరిగే వాల్వు ఇవ్వండి, వాటితో పాటు "ఈరోజు ఈ బెంచీకి అక్కర్లేదు" అని చెప్పే అధికారం కూడా ఇవ్వండి. రోజుకో మనిషిని మార్చకండి, ఒక బెంచీ ఒకరికే అప్పజెప్పండి, నాలుగు రోజుల్లో ఆ బెంచీలో ఏ మూల ముందు ఎండుతుందో వాళ్లకి కంఠతా వస్తుంది. నీళ్ల మీటరు బిగించి రాత్రి రీడింగ్, పొద్దున రీడింగ్ రాయించండి, ఎవరూ నీళ్లు వాడని రాత్రిపూట మీటరు తిరిగితే ఎక్కడో పైపు కారుతున్నట్టే. ట్రే వాడితే ఎవరు అని కాకుండా ఎక్కడ అని అడగండి, చివరనా, మధ్యలోనా, ఏ నాజిల్ కింద అని.

రేపు పొద్దున నీళ్లు పెట్టకముందు ఒక్క బెంచీ దగ్గరికి వెళ్లండి, నాలుగు మూలల నుంచి ఒక్కోటి, మధ్యలోంచి ఒకటి, మొత్తం అయిదు ట్రేలు మీ చేత్తో ఎత్తి చూడండి. ఆ అయిదు బరువులూ ఒక కాగితం మీద రాసి, ఆ బెంచీకి నీళ్లు పెట్టే మనిషిని పిలిచి చూపించండి.

ఇట్లు,
నర్సరీలో నీళ్లు పెట్టే ఒక మనిషి